జామపాదులో బూడిద

కమలకుమారి ఇప్పుడు గుడ్డసంచి ఉతకడం లేదు.

పదకొండేళ్లు ఉతికింది. భర్త జోగారావు రోజూ తెల్లవారకముందే సనత్‌నగర్ వెళ్లి, తొమ్మిదిన్నరకల్లా అమీర్‌పేటలో బస్సు దిగి, కోచింగులకు పరుగులు పెట్టే పిల్లల్ని తప్పుకుంటూ సందులో నడిచివచ్చి, జామకాయల సంచి వంటింటి గడప మీద పెట్టేవారు. ఆవిడ కాయలు పళ్లెంలో పోసి, సంచి తిరగేసి దులిపి, సబ్బు పెట్టి ఉతికి బాల్కనీ తీగ మీద ఆరేసేది. మర్నాటికి ఆరాలి కదా. పోనుపోను సంచి అడుగున చిటికెడు బూడిదరంగు పొడి కనపడేది. ఉతికితే నీళ్లు నల్లగా దిగేవి. కార్ఖానాల పేట, దుమ్ము కాక పన్నీరు ఉంటుందా అనుకునేది. చేతులు కొంగుకి తుడుచుకుని కాయలు కోయడానికి కూర్చునేది.

ఇప్పుడూ ఐదింటికే మెలకువ వస్తుంది. లేచి బాల్కనీలోకి వెళ్తుంది. తీగ ఖాళీగా ఉంటుంది. ఆ సంచిని పంజాగుట్ట ఆసుపత్రి డాక్టరు చెప్పాడని కొడుకు పరీక్షకి ఇచ్చి వచ్చాడు. దాంతోపాటు నాలుగు కాయలు, పిడికెడు మట్టి, డబ్బాడు బూడిద. వాటి రిపోర్టులు వచ్చాయి. సంచి తిరిగి రాలేదు. ఎవరూ అడగలేదు.

జోగారావుది తణుకు దగ్గర పల్లె. పెళ్లయిన రెండో ఏడు హైదరాబాదు వచ్చి, సనత్‌నగర్‌లో బోల్టులు చేసే చిన్న కార్ఖానాలో స్టోర్ కీపరుగా చేరారు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక్కచోటే చేశారు. మాటకారి, పదిమందిలో మసలే మనిషి. ఇంట్లో చారులో ఉప్పు దగ్గర్నుంచి అబ్బాయి సంబంధం దాకా ఆయన మాటే మాట. కమలకుమారి అయిదో తరగతితో బడి మానేసిన మనిషి, మాట కన్నా పని ఎక్కువ. నలభై ఒక్క ఏళ్ల కాపురంలో ఆవిడ మాట నెగ్గింది రెండే రెండు సార్లు. ఆ రెండు సార్లూ నెగ్గకుండా ఉంటే బాగుండేదని ఇప్పుడు అనుకుంటుంది. అనుకుని ఏం లాభం.

రిటైరవడానికి ముందు ఆయన కార్ఖానా వెనక గోడవార ఒక జామమొక్క నాటారు. కడియం నుంచి తెప్పించిన మొక్క. రిటైరైనా చెట్టుని వదల్లేదు. యజమాని మంచివాడు, వెళ్లి కోసుకోమన్నాడు. ఉద్యోగానికి వెళ్లినట్టే రోజూ వెళ్లి, పాదు తవ్వి, నీళ్లు పోసి, కాయలు కోసుకుని వచ్చేవారు. బజారు పండంటే ఆయనకి పడేది కాదు. "కార్బైడు పొడి వేసి మగ్గబెడతారు, మైనం పూసి మెరిపిస్తారు. అది పండు కాదు, పెయింటు" అని లిఫ్టులో కనపడిన వాళ్లందరికీ చెప్పేవారు. చెప్పి ఊరుకోకుండా సంచిలోంచి రెండు కాయలు తీసి చేతిలో పెట్టేవారు. అపార్ట్‌మెంట్‌లో అరవై ఇళ్లు. జామకాయల జోగారావు గారు అంటే తెలియని వాళ్లు లేరు.

అలా ఉండగా, ఎనిమిదేళ్ల కిందట, కార్ఖానా గోడకి ఆనుకుని ఒక షెడ్డు లేచింది. పాత బ్యాటరీలు పగలగొట్టి, లోపలి పలకల్ని కొలిమిలో కరిగించి దిమ్మలు పోసే షెడ్డు. బోర్డు లేదు, పేరు లేదు. అదే ఏడు జామచెట్టుకి పిండినల్లి పట్టింది. ఆకుల కింద తెల్లగా పిండి చల్లినట్టు పురుగు. మందు కొడితే ఇంక అది మన చెట్టు ఎలా అవుతుందని ఆయన మథనపడుతుంటే, కమలకుమారి కందిపప్పు ఏరుతూ అంది:

"మా అమ్మ పొయ్యిలో బూడిద పాదులో వేసేదండీ. పురుగు దగ్గరికి రాదు."

గ్యాసు పొయ్యి ఇంట్లో బూడిద ఎక్కడిది? ఆయనకి షెడ్డు గుర్తొచ్చింది. గోడ అవతల కొలిమి బూడిద గుట్టగా పోసి ఉంది. అడిగితే షెడ్డువాళ్లు నవ్వారట. ఎంతైనా తీసుకెళ్లండి సార్, పారబోసే చాకిరీ మాకు తప్పుతుంది అన్నారట. ఇంటికొచ్చి ఆ మాట చెప్పి ఆయనా నవ్వారు. నెలకొక తట్ట చొప్పున బూడిద తన చేతులతోనే పాదు చుట్టూ చల్లారు. నెల తిరక్కుండా పురుగు పోయింది. పురుగుకి తెలిసింది, మనుషులకి తెలియలేదు.

ఆవిడ మాట నెగ్గిన రెండోసారి కాశీలో. అయిదేళ్ల కిందట ఇద్దరూ వెళ్లారు. కాశీకి వెళ్లినవాళ్లు ఇష్టమైన కాయో పండో ఒకటి గంగలో వదిలేసి, మళ్లీ జన్మలో ముట్టకూడదు కదా. ఆవిడ మామిడిపండు వదిలింది. ఆయన గట్టు మీద నిలబడి, జామకాయ వదిలేస్తానన్నారు. ఇష్టమైనది వదలాలంటే నాకు అంతకన్నా ఇష్టమైనది ఏముంది అన్నారు. కమలకుమారికి ప్రాణం ఉసూరుమంది. అంత చెట్టు పెట్టుకుని, రోజూ బస్సులో మోసుకొచ్చి ఊరందరికీ పంచి, తాను మాత్రం నోట్లో వేసుకోకుండా ఉండటమేమిటి?

"జామ వద్దండీ. పనస వదలండి. మీరు ఎటూ తినరు" అంది మెల్లగా.

పక్కనున్న పంతులు నవ్వాడు, అందరూ అదే చేస్తారమ్మా అని. జోగారావు, పెళ్లాం మొహం చూసి, సరేలే అని పనసపండు పేరు చెప్పి మూడు దోసిళ్ల నీళ్లు వదిలారు. దేవుణ్ణి మోసం చేసినందుకు ఆ రాత్రి ఆవిడే లెంపలు వేసుకుంది. మోసం ఎవరికి జరిగిందో అప్పుడు తెలియలేదు.

నాలుగేళ్ల కిందట ఆయనకి కడుపునొప్పి మొదలైంది. మెలిపెట్టినట్టు వచ్చి పోయేది. మలబద్ధకం. సందు చివరి క్లినిక్ డాక్టరు గ్యాసన్నాడు. రెండేళ్లపాటు గ్యాసు మాత్రలే మింగారు. మలబద్ధకానికి జామకాయ మంచిదని పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ విన్న మాట కనుక, కమలకుమారి పూటకి రెండు కాయలు కోసి, ఉప్పూకారం చల్లి, తొక్కతో సహా పెట్టేది. తొక్కలోనే బలమంతా ఉందని ఆయనే అనేవారు. ఆవిడకి నోట్లో పళ్లు లేవు. చెంచాతో లోపలి గుజ్జు కాస్త గీకి తినేది. ఆ పళ్లు లేకపోవడమే ఆవిడని బతికించింది.

తర్వాత ఆయనకి కోపం ఎక్కువైంది. ఎప్పుడూ గొంతు పెంచని మనిషి, గ్లాసు కింద పెట్టిన చప్పుడుకి కూడా విసుక్కునేవారు. పదకొండేళ్లు ఎక్కిన బస్సు నంబరు మర్చిపోయి మాసబ్ ట్యాంక్ దగ్గర దిగి ఏడుస్తుంటే ఎవరో ఆటో ఎక్కించి పంపారు. కుడిచెయ్యి మణికట్టు దగ్గర వాలిపోయింది. లుంగీ ముడి ఆవిడే వేసేది. ఒళ్లంతా పాలిపోయి, కాళ్లు ఉబ్బాక, అప్పుడు పంజాగుట్ట ఆసుపత్రికి తీసుకెళ్లారు.

అక్కడ ఒక కుర్ర డాక్టరు ఆయన కింది పెదవి వేలితో వంచి చూశాడు. చిగుళ్ల అంచున నీలంగా సన్నటి గీత ఉంది. ఏం పని చేసేవారు, ఏం తింటారు, ఎక్కడికి వెళ్తారు అని అరగంట అడిగాడు. రక్తం తీశారు. అయిదు దాటకూడదట. ఆయనకి డెబ్భై రెండు. సీసమమ్మా అన్నాడు డాక్టరు. కమలకుమారికి సీసమంటే వలలకి కట్టే గుళ్లే తెలుసు. అది మనిషి రక్తంలోకి ఎలా వెళ్తుంది? బ్యాటరీ బూడిదలో ఉంటుందని, మట్టిలో కలిసి చెట్టుకీ కొంత ఎక్కుతుందని, అంతకన్నా ఎక్కువ దుమ్ముగా కాయల తొక్క మీద కూర్చుంటుందని, బూడిద చల్లిన చేతుల్తో తిన్నప్పుడు నేరుగా కడుపులోకి పోతుందని అతను ఓపిగ్గా చెప్పాడు. మూత్రపిండాలు అప్పటికే ఎండిపోయాయి.

గది బయట నిలబెట్టి ఇంకో మాట చెప్పాడు. ఆ కాయలు తిన్నవాళ్లందరికీ పరీక్ష చేయించండి, పిల్లలుంటే మొదట వాళ్లకి. పిల్లల ఒళ్లు సీసాన్ని పెద్దవాళ్ల కన్నా ఎక్కువ పీల్చుకుంటుంది, ముందు బుర్ర మీద కూర్చుంటుంది, ఇవాళ కనపడదు, చదువులో కనపడుతుంది అన్నాడు. ఆ మాట కమలకుమారి వింది. పక్కనే ఉన్న కొడుకు వంశీధర్ కూడా విన్నాడు. కమలకుమారి రక్తంలో కొద్దిగానే తేలింది. కొడుకుకీ కోడలు మంజూషకీ పరీక్షలో ఏమీ లేదు. వాళ్లకి చిన్నప్పటి నుంచీ జామకాయ పడదు.

నాలుగు నెలలు రక్తం కడిగించారు. చివరి వారంలో ఆయన జామకాయ అడిగారు. వంశీధర్ బజారు నుంచి మంచిది చూసి తెచ్చాడు. ఒక ముక్క నమిలి, మన చెట్టుది కాదు అని ఉమ్మేశారు. మార్గశిర దశమి నాడు పోయారు.

పదమూడో రోజు అయ్యాక కమలకుమారి కొడుకు దగ్గర ఆ ఊసు ఎత్తింది. కింది ఇంటి అనితకి, పాపకి పరీక్ష చేయించమని చెబుదామా అంది. వంశీధర్ చెడ్డవాడు కాదు. తండ్రి కాళ్లు ఒత్తుతూ రాత్రుళ్లు కూర్చున్నవాడు. అయినా వాడు తల అడ్డంగా ఊపాడు.

"నాన్న పోయారమ్మా. ఇప్పుడు అరవై ఇళ్లకి విషం పంచిన మనిషి అని అనిపిద్దామా? రెండు కాయలు తింటే ఏమీ కాదులే."

ఆవిడ నోరు మూసుకుంది. మూసుకోవడం అలవాటైన నోరు.

అనిత మొదటి అంతస్తులో ఉంటుంది. సిరిసిల్ల పిల్ల. మొగుడు శ్యాంసుందర్ బట్టలకొట్టులో పని, ఆమె ఇంట్లో కుట్టుమిషను పెట్టుకుని జాకెట్లు కుడుతుంది. వాళ్ల పాప హైందవికి ఆరేళ్లు. నడక వచ్చిన దగ్గర్నుంచి పొద్దున్నే మెట్ల మీద కూర్చుని జోగారావు కోసం ఎదురుచూసేది. ఆయన సంచిలో పెద్దకాయ తీసి, చొక్కా అంచుకి ఇటూ అటూ రుద్ది, పాప చేతిలో పెట్టేవారు. కడగవద్దూ తాతా అని అనిత అడిగితే, మన చెట్టు కాయకి కడుగుడేంటమ్మా అనేవారు. రెండు కాయలు కాదు. మూడేళ్లకి పైనే.

ఈ ఏడాదంతా కమలకుమారి ఆ పాపని చూస్తూనే ఉంది. మొహం తెల్లగా పాలిపోయింది. కడుపునొప్పని బడి మానేస్తుంది. నిన్న నేర్చుకున్న అక్షరం ఇవాళ గుర్తుండదని టీచరు అంటోందట. అనిత మిషను తొక్కుతూ తొక్కుతూ లేచి వచ్చి వీపు మీద ఒకటి వేస్తుంది. ఆ చప్పుడు పైకి వినిపిస్తుంది. రెండుసార్లు కమలకుమారి చెప్పేద్దామని మెట్లు దిగి, తలుపు దాకా వెళ్లి, జాకెట్టు కొలత ఇచ్చి వచ్చింది. విధవరాలికి అన్ని జాకెట్లు ఎందుకని అనిత అడగలేదు.

రెండు నెలల కిందట, ఎవరికీ చెప్పకుండా, ఆవిడ సనత్‌నగర్ వెళ్లింది. చెట్టు ఉంది. ఎప్పటికన్నా బాగా కాసింది. కార్ఖానా వాచ్‌మన్ ఎల్లేశం కుర్చీ వేశాడు. ఆవిడ అతనికి అంతా చెప్పింది, కాయలు ఎవరినీ కోయనివ్వద్దని, చెట్టు కొట్టించేయమని. అతని దగ్గర చెప్పడానికి నోరు అడ్డు రాలేదు. అక్కడ పోయే పరువు లేదు మరి.

ఎల్లేశం కుడిచెయ్యి ఎత్తి చూపించాడు. మణికట్టు సగం దాకే లేచింది.

"సారు గిట్లనే ఉండె గదమ్మా" అన్నాడు. "చెట్టు గొట్టిపిస్త. గని చెట్టును గొడితే షెడ్డు ఆగుతదా? సారు వోయిండు, రేపు నేను వోత, గా షెడ్డోడు మాత్రం గోడ జరిపి ఇంకో కొలిమి వెడుతుండు."

ఆసుపత్రిలో చేయించుకోవలసిన పరీక్ష పేరు ఉన్న చీటీ ఆవిడ అతనికి ఇచ్చి వచ్చింది. బస్సులో కూర్చున్నాక తనమీద తనకే అసహ్యం వేసింది. ఎక్కడో ఉన్న వాచ్‌మన్‌కి చెప్పగలిగింది, కింద ఇంట్లో పాప తల్లికి చెప్పలేకపోయింది.

సంవత్సరీకం వచ్చింది. వంశీధర్ ఘనంగా చేస్తున్నాడు. భోజనాలకి వచ్చినవాళ్లకి పంచడానికి అరవై స్టీలు డబ్బాలు చేయించాడు. మూతల మీద 'కీర్తిశేషులు జోగారావు గారి జ్ఞాపకార్థం' అని చెక్కించాడు. ఆ పొద్దున రెండు పెట్టెల జామకాయలు ఎర్రగడ్డ రైతుబజారు నుంచి తెచ్చి హాల్లో దించాడు.

"కడిగి, డబ్బాకి రెండు చొప్పున పెట్టి మూతలు వేసెయ్యమ్మా. నాన్నంటే జామకాయలే కదా. అందరూ అడుగుతున్నారు కూడా."

మన చెట్టువి అనుకుంటారేమోరా అంది ఆవిడ.

"అనుకోనీ. మనం చెప్పామా? ఇవి మంచి కాయలే కదా."

వాడు పంతులుగారి కోసం కిందికి వెళ్లాడు. కమలకుమారి చాప మీద కూర్చుంది. ఒక పక్క డబ్బాలు, మూతలు తీసి వరసగా. ఇంకో పక్క కాయల గుట్ట. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకోవడమని సామెత వింది గానీ, పోయిన మొగుడి పేరు చెప్పి తన చేతులతోనే ఆ పని చేయాల్సి వస్తుందనుకోలేదు. ఒక కాయ తీసి నీళ్లలో ముంచింది. నీళ్లు తేటగానే ఉన్నాయి. ఏళ్ల తరబడి తన వేళ్ల సందుల్లోంచి దిగిన నల్లనీళ్లు గుర్తొచ్చాయి. కాయ తీసి మళ్లీ గుట్టలో పెట్టింది.

అప్పుడే అనిత వచ్చింది, వంటకి చెయ్యి సాయం చేద్దామని. వెనకాల హైందవి. పాప గుట్ట చూసి ఆగిపోయింది. వంగి ఒక కాయ తీసుకుని, గౌను అంచుకి ఇటూ అటూ రుద్దింది. అచ్చం ఆయన రుద్దినట్టే.

"తాత చెట్టుయేనా ఆంటీ?" అంది అనిత, నవ్వుతూ. "తినుమని చెప్పు జర. పొద్దుగాలనుంచి ఏం తింటలేదు. కడుపు నొస్తుందంటది. తాత కాయ అంటెనే నోరు తెరుస్తది."

వంటింటి గుమ్మంలో మంజూష గరిటె పట్టుకుని నిలబడింది. కమలకుమారి చెయ్యి చాచి పాప చేతిలో కాయ తీసుకుంది. పాప ఏడవలేదు. ఏడవడానికి కూడా ఓపిక ఉన్నట్టు లేదు.

"ఇవి బజారు కాయలమ్మా. ఇవి తినొచ్చు. తినకూడనివి మన చెట్టువి. ఇన్నాళ్లూ తినిపించినవి." ఆవిడ గొంతు మామూలుగానే ఉంది. "ఆయన పోయింది ఊరికే కిడ్నీలు పాడై కాదు. కిడ్నీల్ని పాడు చేసింది ఆ కాయలు. వాటిల్లో సీసం ఉంది. పాపకి రక్తపరీక్ష చేయించు. ఇవాళే తీసుకెళ్లు."

అనిత మొదట అర్థం కానట్టు చూసింది. కూర్చుంది. కమలకుమారి మొత్తం చెప్పింది, బూడిద సంగతి, అది వేయమన్నది తానేనన్న సంగతి, డాక్టరు పిల్లల గురించి అన్న మాట. ఇప్పుడైనా మందులున్నాయని, ఒంట్లోకి కొత్తగా పోకుండా ఉంటే తగ్గుతుందన్నారని చెప్పింది. ఎంత తగ్గుతుందో, పోయిన అక్షరాలు తిరిగి వస్తాయో లేదో ఆవిడకి తెలియదు. తెలియదనే చెప్పింది.

అనిత పాపని ఒళ్లోకి లాక్కుంది. పాప వీపు మీద, రోజూ తాను కొట్టే చోట, చెయ్యి పెట్టింది.

"డాక్టరు ఎప్పుడు చెప్పిండు ఆంటీ?"

"ఆయన ఆసుపత్రిలో చేరినప్పుడు."

"అంటే ఏడాది దాటింది."

"దాటింది."

"ఏడాది సంది నీకు ఎరికే."

"తెలుసమ్మా."

అనిత తిట్టి ఉంటే కమలకుమారికి కాస్త తేలికగా ఉండేది. లేచి, పాపని చంకనేసుకుని, చెప్పులు వేసుకోకుండానే మెట్లు దిగింది. మెట్ల మీద ఎదురొచ్చిన వంశీధర్ పలకరించినట్టున్నాడు. కాసేపటికి కింద శ్యాంసుందర్ బండి స్టార్టయిన చప్పుడు వచ్చింది.

వంశీధర్ లోపలికి వచ్చి తల్లిని చూశాడు. డబ్బాలని చూశాడు. ఏం జరిగిందో మంజూష మొహం చెప్పింది.

"ఏంటమ్మా ఇది. ఇవాళే దొరికిందా నీకు. ఇవాళ ఆయన తద్దినం."

"అందరూ వస్తారు కదరా ఇవాళ. ఒక్కసారే చెబుతాను. ఇంటింటికీ తిరిగే ఓపిక లేదు" అంది ఆవిడ.

వాడు గోడకి చేరగిలబడ్డాడు. తండ్రి ఫొటోకి అప్పుడే దండ వేశారు. కింద లిఫ్టు తలుపు మూసుకున్న చప్పుడు, ఎవరో మొదటి చుట్టాలు పైకి వస్తున్నారు. పంతులుగారు పీటలు ఎక్కడమ్మా అని అడుగుతున్నారు. మంజూష గుమ్మంలోంచి గొంతు తగ్గించి, డబ్బాల్లో కాయలు పెట్టేయనా అత్తయ్యా అంది.

వద్దంది కమలకుమారి. ఆయన పేరు చెక్కిన అరవై డబ్బాలూ నోళ్లు తెరుచుకుని చాప మీద అలాగే ఉన్నాయి. ఆవిడ వాటి పక్కన చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.